తాళం వేసే ముందు ఏది బాగుచేయించాలి?

అక్టోబరు రాగానే అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ ఉద్యోగ విరమణ చేసిన దంపతులు ఎందరో ఇల్లు సర్దడం మొదలుపెడతారు. మంచు పడకముందే దక్షిణాదికి వెళ్లిపోవాలన్నది వాళ్ల తొందర. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ వాళ్లు అరిజోనాకో, ఫ్లోరిడాకో, టెక్సస్ అడుగున ఉన్న రియో గ్రాండే లోయకో వెళ్తారు. ఒంటారియో, క్యుబెక్ వాళ్లు ఎక్కువగా ఫ్లోరిడా దారి పడతారు. మళ్లీ ఏప్రిల్‌లోనే సొంతూరు. వీళ్లను అక్కడ స్నోబర్డ్స్ అంటారు. 1965లో అమెరికా వలస చట్టం మారాక వెళ్లి స్థిరపడిన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్ల తరం కూడా ఇప్పుడు ఆ వయసుకు వచ్చింది. న్యూజెర్సీ, షికాగో, డెట్రాయిట్ పరిసరాల్లోని ఆ కుటుంబాల్లో కొన్ని డిసెంబరులో హైదరాబాదుకో విజయవాడకో వచ్చి, సంక్రాంతి ఇక్కడే చేసుకుని, మన ఎండలు ముదరకముందే తిరిగి వెళ్తుంటాయి. ఎక్కడికి వెళ్లినా వెనక మిగిలేది మాత్రం ఒకటే. గడ్డకట్టే చలిలో నెలల తరబడి మనిషి అలికిడి లేని ఇల్లు.

ఆ ఇంటికి తాళం వేసే ముందు చేయించాల్సిన మరమ్మతులకూ కట్టాల్సిన బిల్లులకూ ఎవరైనా ఒక జాబితా రాసుకుంటారు. చిక్కంతా దాన్ని ఏ వరసలో తీరుస్తున్నామన్న దగ్గరే వస్తుంది. మామూలుగా కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని ముందు బాగుచేయిస్తాం. ఊడిన రంగు, పగిలిన మెట్టు, వాలిన కంచె ముందుకొస్తాయి. బిల్లుల్లోనైతే పెద్ద మొత్తం ముందు కడతాం. ఇంట్లో మనుషులున్నంత కాలం ఈ వరసతో పెద్ద నష్టం ఉండదు. ఏది ఎక్కడ చెడినా ఎవరో ఒకరు పూటలోపే చూస్తారు గనుక. మనిషి లేని ఇంటికి వేరే కొలత కావాలి. మనం లేనప్పుడు దానంతట అది పెరిగేదేదో దాన్నే ముందు తీర్చాలి. తిరిగొచ్చేదాకా ఉన్నచోటే ఉండేది ఎంత వికారంగా కనిపించినా, ఎంత పెద్ద ఖర్చయినా, వసంతం దాకా ఆగొచ్చు. మరమ్మతులకైనా బిల్లులకైనా ఇదొక్కటే కొలత చాలునని నా వాదన.

ముందుగా నీటి సంగతి చూద్దాం, ఎందుకంటే చలిదేశాల్లో ఖాళీ ఇంటికి నీటిని మించిన శత్రువు లేదు. నీరు గడ్డకడితే దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పైపులో ఒకచోట మంచు గడ్డ పెరుగుతూ పోతే, ఆ గడ్డకూ కట్టేసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటి మీద ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. పైపు పగిలేది చాలావరకు ఆ ఒత్తిడి వల్లే. అందుకే పగులు తరచుగా గడ్డకట్టిన చోట కాక, దానికి అవతల ఎక్కడో కనిపిస్తుంది. పైపు పగిలిన క్షణాన నష్టం మొదలవదు కూడా. అప్పటికి మంచే దారిని మూసి ఉంచుతుంది. నాలుగు రోజుల తర్వాత ఎండ కాసి మంచు కరిగినప్పుడు నీరు పారడం మొదలవుతుంది, మెయిన్ వాల్వ్ కట్టేదాకా పారుతూనే ఉంటుంది. బయటి ఉష్ణోగ్రత మైనస్ 7 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోతే, చలి తగలకుండా తొడుగు లేని పైపులకు ప్రమాదం మొదలైనట్టేనని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చాలాకాలం కిందటే చెప్పారు. షికాగోలో, మినియాపొలిస్‌లో జనవరి రాత్రులకు అది మామూలు చలి. వెచ్చని ప్రాంతమైతే భయం లేదనుకోవడమూ పొరపాటే. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుపాను ముంచెత్తి లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు, డాలస్ నుంచి హ్యూస్టన్ దాకా పైపులు పగిలి సీలింగులు కూలాయి. మన తెలుగువాళ్ల ఇళ్లూ ఆ ప్రాంతంలో తక్కువేం లేవు.

ఇప్పుడు అదే కొలతతో ఇల్లంతా చూడండి. సింకు కింద చుక్క చుక్కగా కారే వాల్వ్‌కు మనం ఉన్నప్పుడు ఒక గిన్నె పెడితే సరిపోయింది. మనం లేనప్పుడు అది నేల చెక్కను నానబెట్టి బూజు పట్టిస్తుంది. వాషింగ్ మెషీన్ వెనక ఉండే పాత రబ్బరు గొట్టం తెగిందంటే గంటకు వందల గ్యాలన్ల నీరు ఇంట్లోకి వస్తుంది. మార్చడానికి అయ్యేది కొద్ది డాలర్లే. ఇంటి వేడి సీలింగు సందుల్లోంచి అటకలోకి పోతుంటే, పైకప్పు మీది మంచు కరిగి చూరు దగ్గరికి జారి మళ్లీ గడ్డకడుతుంది. ఆ గడ్డ వెనక నిలిచిన నీరు కప్పు మీద పరిచిన షింగిల్స్ కిందకు దూరి గోడల్లోకి దిగుతుంది. కాబట్టి చూరు, అటక ఇప్పుడే చూపించాలి. ఇంటిని వేడిచేసే ఫర్నేస్‌ది మరీ ముఖ్యమైన సంగతి. ఖాళీ ఇంట్లో కూడా వేడి 13 డిగ్రీల కన్నా తగ్గనివ్వొద్దని అమెరికన్ రెడ్ క్రాస్ చెబుతుంది. ఆ వేడి నిలవాలంటే ఫర్నేస్ ఫిల్టరు మార్చి, బర్నరు చూపించి, బ్యాటరీతో నడిచే థర్మోస్టాట్ అయితే కొత్త బ్యాటరీలు వేసి వెళ్లాలి. రెండు చిన్న బ్యాటరీలు చచ్చిపోతే ఫర్నేస్ ఆగిపోతుంది, ఫర్నేస్ ఆగితే పైపులు గడ్డకడతాయి. ఊడిన రంగుకు ఇలాంటి గొలుసేదీ లేదు. అది నవంబరులో ఎలా ఉందో ఏప్రిల్‌లోనూ దాదాపు అలాగే ఉంటుంది.

బిల్లుల దగ్గరా ఇదే లెక్క. క్రెడిట్ కార్డు బాకీ పెద్దదే కావచ్చు, కానీ అది ఎక్కడున్నా కనిపిస్తుంది, ఫోన్లోనే కట్టొచ్చు. ఇంటి ఇన్సూరెన్స్ ప్రీమియం దానితో పోలిస్తే చిన్నది. అయినా అది ఒక్కసారి తప్పి పాలసీ రద్దయితే ఆ చలికాలంలో జరిగే ప్రతి నష్టం మన నెత్తినే పడుతుంది. ఆస్తి పన్నుల గడువులు చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. మిషిగన్‌లో చలికాలపు పన్ను బిల్లు డిసెంబరు మొదట్లో బయల్దేరుతుంది, ఫిబ్రవరి 14లోపు కట్టాలి. విస్కాన్సిన్‌లో మొదటి వాయిదా జనవరి 31. న్యూజెర్సీలో ఏడాదికి నాలుగు వాయిదాలు, వాటిలో ఒకటి ఫిబ్రవరి 1. మూడూ ఇంటి యజమాని ఫ్లోరిడాలోనో హైదరాబాదులోనో ఉండే రోజుల్లోనే వస్తాయి. బిల్లు చేతికి అందలేదన్న మాట పన్నుల శాఖ దగ్గర చెల్లదు, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మెయిన్ రాష్ట్రంలో సగానికి పైగా ఇళ్లు ఇంధన నూనెతో వేడెక్కుతాయి. నూనె కంపెనీ లారీ చలి లెక్క చూసుకుని దానంతట అదే వచ్చి ట్యాంకు నింపిపోతుంది, పాత బాకీ లేనంత వరకు. బాకీ నిలిచిపోయి లారీ రాకపోతే ట్యాంకు ఖాళీ అవుతుంది, ఫర్నేస్ ఆగుతుంది, ఆ తర్వాతి సంగతి పైన చెప్పిందే. బిల్లు వేరు, మరమ్మతు వేరు అని విడదీసి చూసేవాళ్లు గమనించాల్సిన చోటు ఇది. ఖాళీ ఇంట్లో రెండూ ఒకే తాడు మీద ఉన్నాయి.

ఆటో-పే పెట్టుకుంటే సరిపోదా అని అడుగుతారు. పెట్టుకోవాల్సిందే, సందేహం లేదు. అయితే ఆటో-పే ఒక కార్డు మీదో ఒక ఖాతా మీదో నడుస్తుంది. మోసం జరిగిందన్న అనుమానంతో బ్యాంకు ఆ కార్డు నంబరు మార్చేసినా, గడువు తీరి కొత్త కార్డు వచ్చినా, దాని మీద కట్టుకున్న చెల్లింపుల్లో కొన్ని ఆగిపోతాయి. ఆగాయని చెప్పే ఉత్తరం తాళం వేసిన ఇంటి పోస్టు డబ్బాలో పడుతుంది. అమెరికా తపాలా శాఖ ఉత్తరాలను ఆపి ఉంచేది ఎక్కువలో ఎక్కువ 30 రోజులు. అంతకు మించి వెళ్లేవాళ్లు తాత్కాలిక చిరునామాకు మళ్లించుకోవాలి, ఆ సౌకర్యం ఏడాది దాకా ఉంది. ఆటో-పేకు ఇంకో లోపం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది అడిగినంతా నోరు మెదపకుండా కట్టేస్తుంది. కారే టాయిలెట్ ఒకటి రోజుకు 200 గ్యాలన్లు, అంటే సుమారు 750 లీటర్ల నీరు వృథా చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ అంచనా. ఎవరూ లేని ఇంటికి అంత నీటి బిల్లు ఎందుకొచ్చిందని మనిషి అడుగుతాడు, ఆటో-పే అడగదు. కాబట్టి చెల్లింపు యంత్రానికి అప్పగించినా, నెలకోసారి బిల్లు తెరిచి అంకె చూసే పని మన దగ్గరే ఉంచుకోవాలి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. జవాబు పాలసీ కాగితాల్లోనే ఉంది. అమెరికాలో ఇంటి యజమానులు ఎక్కువగా తీసుకునే ప్రామాణిక పాలసీలో, మనుషులు లేని ఇంట్లో పైపులు గడ్డకట్టి జరిగిన నష్టానికి పరిహారం రావాలంటే రెండిటిలో ఒకటి చేసి ఉండాలి. ఇంట్లో వేడి నిలిపేందుకు తగిన శ్రద్ధ తీసుకుని ఉండాలి, లేదా నీటి సరఫరా కట్టేసి పైపులన్నీ ఖాళీ చేసి ఉండాలి. కెనడాలో చాలా పాలసీలు ఇంకా కచ్చితంగా ఉంటాయి. చలికాలంలో నాలుగు రోజులకు మించి ఊళ్లో లేకపోతే, రోజూ ఎవరైనా ఇంట్లోకి వెళ్లి వేడి ఉందో లేదో చూసే ఏర్పాటైనా ఉండాలి, నీరు కట్టి పైపులు ఖాళీ చేసైనా ఉండాలి. ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా పోకుండా ఉండాలంటే పన్నెండు నెలల్లో 212 రోజులకు మించి బయట ఉండకూడదన్న నిబంధనను అక్కడి పెద్దలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటారు. ఇంటి పాలసీలోని నాలుగు రోజుల షరతును అంతే శ్రద్ధగా చదివేవాళ్లు ఎందరు? బీమా కంపెనీలది అన్యాయమని వాదించేవాళ్లుంటారు. ముసలివాళ్లకు అర్థం కాని భాషలో షరతులు రాయడం తప్పేనని నేనూ అంటాను, వాటిని పెద్ద అక్షరాల్లో మొదటి పేజీలో వేయాలి. కానీ ఆ షరతు వెనకున్న తర్కం సరైనదే. పెరుగుతుందని తెలిసిన నష్టాన్ని పెరగనిచ్చి పరిహారం అడిగితే, అదే కంపెనీలో ప్రీమియం కట్టే మిగతావాళ్ల మీద ఆ భారం పడుతుంది.

ఇప్పుడు సెన్సర్లు వచ్చాయి. నేల తడిసినా, ఇల్లు చల్లబడినా ఫోనుకు కబురు పెట్టే పరికరాలు పెద్ద ధరేమీ కాదు, కొనదగ్గవే. కానీ కరెంటు పోతే ఇంటర్నెట్ పోతుంది, ఇంటర్నెట్ పోతే చాలా సెన్సర్లు మూగబోతాయి. కరెంటు పోయే మంచు తుపానే వాటితో మనకు అవసరం పడే వేళ. ఒకవేళ కబురు వచ్చిందే అనుకుందాం. చలికాలంలో న్యూజెర్సీకీ మనకూ పదిన్నర గంటల తేడా. అక్కడ మధ్యాహ్నం నాలుగుకు మోగిన హెచ్చరిక ఇక్కడ అర్ధరాత్రి రెండున్నరకు వస్తుంది. మేలుకుని చూసినా హైదరాబాదు నుంచి చేయగలిగేది ఎవరికో ఫోన్ చేయడమే. ఆ ఎవరో ఒకరు ముందే కుదిరి ఉండాలి. వాళ్ల దగ్గర తాళం చెవి ఉండాలి, మెయిన్ వాల్వ్ ఎక్కడుందో తెలిసి ఉండాలి, ప్లంబర్ నంబరు ఉండాలి. ఈ విషయంలో మన తెలుగు కుటుంబాలకు ఒక మాట చెప్పాలి. పక్క వీధిలో ఉండే మనవాళ్లతో "అప్పుడప్పుడు మా ఇంటివైపు చూస్తూ ఉండండి" అని చెప్పి విమానం ఎక్కేయడం మర్యాదగానే ఉంటుంది, పనికి మాత్రం రాదు. "అప్పుడప్పుడు" అంటే వాళ్లకు నెలకోసారి, కెనడా బీమా కంపెనీకైతే రోజూ. అడిగేటప్పుడే రోజులు ఖాయం చేసి, చూసినప్పుడల్లా తేదీ రాసి పెట్టమని చెప్పాలి. స్నేహితులు డబ్బు పుచ్చుకోరు అనిపిస్తే, ఆ పనికి డబ్బు తీసుకునే మనిషినే కుదుర్చుకోవడం మంచిది. స్నేహం మీద ఇంత బరువు పెట్టకూడదు.

అన్నిటికన్నా ఆలోచించాల్సిన అభ్యంతరం డబ్బు గురించి. చలికాలం దక్షిణానికి వెళ్లేవాళ్లంతా ధనవంతులు కారు. అరిజోనాలోని యూమా దగ్గరా, రియో గ్రాండే లోయలోనూ ట్రెయిలర్లలో కాలం గడిపే పింఛనుదారులు వేలల్లో ఉన్నారు. ఉత్తరాదిలో వేడి ఖర్చు తగ్గుతుందనీ, కీళ్ల నొప్పులు తగ్గుతాయనీ వెళ్లేవాళ్లు వీళ్లు. ఇల్లంతా బాగుచేయించి వెళ్లమంటే వాళ్లు ప్రయాణమే మానుకోవాలి. అందుకే వరస ముఖ్యమంటున్నాను. ఈ కొలతతో చూస్తే జాబితా పెరగదు, తగ్గుతుంది. రంగు, కంచె, వంటింటి గట్టు పక్కకు పోతాయి. మిగిలే వాటిలో చాలావరకు చవక పనులే. మెయిన్ వాల్వ్ కట్టి, అన్నిటికన్నా కింద ఉన్న కుళాయి తెరిచి పైపుల్లో నీరు దింపడానికి ఖర్చేమీ లేదు. వేడినీటి రేడియేటర్లున్న ఇళ్లలో, అగ్నిమాపక స్ప్రింక్లర్లున్న ఇళ్లలో మాత్రం నీరు కట్టే ముందు ప్లంబర్‌ను అడిగి తీరాలి, ఆ వ్యవస్థలకు నీరు అవసరం కావచ్చు. నిజంగా పెద్ద ఖర్చయ్యేది కాలం చెల్లిన ఫర్నేసో, కారే కప్పో అయితే, ఆ ఒక్క ఏడాది ప్రయాణం రెండు వారాలు కుదించుకోవడమే మేలు. ప్రయాణ ఖర్చంటే టికెట్టూ అద్దే కాదు, వెనక వదిలే ఇంటి భద్రత కూడా అందులో భాగమేనని మొదటే లెక్క వేసుకుంటే ఈ ఇబ్బంది సగం తీరుతుంది.

పనివాళ్ల లెక్క కూడా వెళ్లే ముందే తేలాలి. చేసిన పనికి డబ్బు అందని ప్లంబరో రూఫింగ్ కాంట్రాక్టరో ఇంటి మీద హక్కు దాఖలు చేసుకునే వీలు అమెరికా 50 రాష్ట్రాల్లోనూ ఉంది. వసంతంలో తిరిగొచ్చి ఇల్లు అమ్మబోతే అప్పుడు బయటపడుతుంది. అలాగని, వెళ్లిపోతున్నాం కదా అని పని మొదలవకముందే మొత్తం చేతిలో పెట్టడమూ సరికాదు. మసాచుసెట్స్ చట్టం ఇలాంటి పనులకు బయానా మూడో వంతుకు మించకూడదంటుంది, ప్రత్యేకంగా తెప్పించాల్సిన సామాను ఉంటే తప్ప. ఏ రాష్ట్రంలోనైనా ఆ హద్దు మంచిదే. పని కళ్లారా చూసి, నీరు వదిలి పరీక్షించి, అప్పుడు మిగతాది కట్టి రసీదు తీసుకోవాలి. ఇందుకు బయల్దేరడానికి కనీసం మూడు నాలుగు వారాల ముందు పని పూర్తవ్వాలి. మొదటి గట్టి చలి పడిన వారంలో ప్లంబర్లూ ఫర్నేస్ మెకానిక్కులూ ఎవరికీ దొరకరు.

మన ఇల్లు, మన ఇష్టం అని కూడా కొందరంటారు. అది అర్ధసత్యమే. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో, కాండోల్లో ఒకరి పగిలిన పైపు కింద అంతస్తు వాళ్ల సీలింగు మీద పడుతుంది. మినియాపొలిస్‌లో మంచు ఆగిన 24 గంటల్లో ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయించడం యజమాని బాధ్యత. యజమాని ఫ్లోరిడాలో ఉన్నాడని అక్కడ గడ్డకట్టిన మంచు మీద జారిపడే తపాలా ఉద్యోగికి తెలియదు. మంచు తోసే మనిషికి సీజను మొత్తానికి ముందే మాట్లాడి పెట్టడం కూడా వెళ్లే ముందు తీరాల్సిన బిల్లుల్లోదే.

ఇక ఎదురు దిశలో వెళ్లేవాళ్లు మన దగ్గరే ఉన్నారు. పిల్లల దగ్గరికని ఏప్రిల్, మే నెలల్లో అమెరికా వెళ్లి ఆరు నెలలుండి వచ్చే తల్లిదండ్రుల ఇళ్లు హైదరాబాదు, విజయవాడ, గుంటూరు కాలనీల్లో వీధికొకటి కనిపిస్తాయి. ఆ ఇళ్లకు మంచు భయం లేదు, వానాకాలమంతా తాళంలో ఉంటాయి. కొలత మాత్రం మారదు. ప్రయాణానికి ముందు ముందుగది గోడలకు సున్నం వేయించి, డాబా మీద నీళ్లు పోయే గొట్టంలో ఆకులు తీయించకుండా వెళ్తే, నాలుగు నెలలు నిలిచిన నీరు స్లాబులోకి దిగుతుంది. చెదలు ఎవరూ లేని ఇంట్లోనే తీరిగ్గా తలుపులు తింటాయి, మందు వేయించాల్సింది వెళ్లే ముందే. గ్యాస్ రెగ్యులేటర్ తీసేయాలి, మోటారు స్విచ్ కట్టేయాలి, ఇంటిపన్ను అర్ధ సంవత్సరానిది ముందే కట్టేయాలి, కరెంటు బిల్లు చూసే మనిషిని పెట్టాలి.

ఈ డిసెంబరుకు టికెట్లు తీసుకున్నవాళ్లకు నా విన్నపం ఇది. ఈ వారంలోనే మీ ఇంటి పాలసీ కాగితం తీసి, ఖాళీగా ఉన్న ఇంటి గురించి అందులో ఏం రాశారో చదవండి. అర్థం కాకపోతే ఏజెంటుకు ఫోన్ చేసి, జవాబు ఈమెయిల్‌లో రాసి పంపమని అడగండి. తర్వాత ప్లంబర్‌ను పిలవండి. రంగు వేసేవాళ్లను ఏప్రిల్‌లో పిలవొచ్చు.